ఒడ్డున తాడు పట్టేవాడు

కాకినాడ రేవుకు ఓడలు ఇప్పటికీ వస్తాయి. వాటిలో మనుషులే రారు. మా కోడలు నూకరత్నం వంటింట్లో కూర్చుని, గోడ మీద కనిపించే సముద్రాన్ని చూస్తూ వాటిని రేవులోకి తెస్తుంది. పక్కన పొయ్యి మీద చేపల పులుసు ఉడుకుతూ ఉంటుంది.

నేను ఒడ్డున తాడు పట్టేవాణ్ణి. ఓడ మనిషి పైనుంచి తాడు విసిరితే అందుకుని రెండుసార్లు లాగేవాణ్ణి. వాడూ రెండుసార్లు లాగేవాడు. ఏ దేశం వాడైనా మా పలకరింపు అదే. పెళ్ళయి వచ్చిన కొత్తలో నూకరత్నానికి ఈ సంగతి ఒకసారి చెప్పాను. ఇప్పుడు ఒడ్డున ఉన్న యంత్రమే ఓడను పట్టి ఉంచుతోంది. తాడుతో పని లేదు.

"ఇవాళొచ్చే ఓడకి తాడుందా అమ్మా?" అని అడిగాను.

"ఉందండి. ఎవరైనా నీళ్ళలో పడితే ఓడే విసురుతుంది. ఏం మావయ్యా, దూకుతారా ఏంటి?"

"ఒకసారి విసిరించు. పట్టుకుంటాను."

నూకరత్నం నా వైపు చూసింది. "నడుం పట్టేస్తే నన్ననకండి. వెళ్ళండి," అంది.

ఓడ వచ్చి ఆగింది. పైనుంచి తాడు వచ్చింది. అందుకుని రెండుసార్లు లాగాను. పైన అంచు దగ్గర ఎవరి మొహమూ లేదు. అయినా వదలబుద్ధి కాక పట్టుకునే నిలబడ్డాను.

కాసేపటికి తాడు నా చేతిలో రెండుసార్లు కదిలింది.

ఇంటికి వచ్చేసరికి వాకిట్లోకే మాడు వాసన వస్తోంది.

"పులుసు అడుగంటింది మావయ్యా," అంది నూకరత్నం.

"నాకు అదే పెట్టు," అన్నాను.