నాలుగంగుళాలు

"రెండంగుళాలు లేపితే సాలు బాబూ. అంతకన్నా ఎత్తయితే మలుపుల్లో బండి తూలిపోతాది," అన్నాడు మెకానిక్ ఏసురాజు, పోర్టికోలో జీపు కింద వెల్లకిలా పడుకుని.

పృథ్వీరాజ్‌కి రెండు ఆనలేదు. కిందటి నెల పాతపట్నం అవతల కొండ మీంచి పారే గెడ్డ దాటబోతే, జీపు అడుగు రాయికి తగిలి బండి పక్కకి ఒరిగిపోయింది. చెయ్యి విరిగింది. కట్టు నిన్ననే విప్పారు. అన్నాళ్ళూ జీపు పోర్టికోలోంచి కదల్లేదు గనక ఏసురాజే స్ప్రింగులు ఆటోలో వేసుకుని ఇంటికొచ్చాడు. ఆదివారం స్నేహితులంతా మళ్ళీ అదే కొండ ఎక్కుతున్నారు. తను లేకుండా ఎక్కేస్తే ఇంక పరువేముంది?

అడ్డల్లా శైలజే. మేనమామ కూతురు, ఆపైన పెళ్ళాం. ఆసుపత్రిలో కళ్ళు వాచేలా ఏడ్చి, అతని బాగున్న చెయ్యి లాగి తన నెత్తిన పెట్టుకుంది. "మల్లీ ఆ కొండకెల్తే నా మీదొట్టే బావా," అంది. కట్టు విప్పగానే పృథ్వీరాజ్ ఆ ఒట్టు తీసి గట్టున పెట్టేశాడు.

అలాంటి శైలజ టీ గ్లాసులు పట్టుకొచ్చి, "రెండేటి? నాలుగెయ్యి ఏసురాజూ," అంది.

ఏసురాజు జీపు కిందనుంచి తల బయటపెట్టాడు. "నాలుగెందుకమ్మా?"

"మల్లీ రాయి తగిల్తే నువ్వొస్తావేటి మొయ్యడానికి?"

"ఇన్నావా? మా శైలుకున్న తెలివి నీకు లేదు," అన్నాడు పృథ్వీరాజ్. పెళ్ళాం ఇంత తొందరగా దారికొస్తుందని అతను కలలో కూడా అనుకోలేదు.

"నాలుగేస్తే బండి మొత్తం ఎంతెత్తవుతాది?" అని అడిగింది శైలజ. "కవరు కుట్టించాల."

ఏసురాజు టేపు పెట్టి లెక్క చెప్పాడు. శైలజ ఆ అంకె రెండుసార్లు పైకి అనుకుని, పోర్టికో ముందరి బీముకి ఓ మూల కట్టిన దిష్టి గుమ్మడికాయకేసి చూసి దణ్ణం పెట్టుకుంది. మొగుడు క్షేమంగా తిరిగి రావాలని మొక్కుకుంటోందనుకుని పృథ్వీరాజ్ కరిగిపోయాడు.

ఆదివారం తెల్లారేసరికి వీధిలో స్నేహితుల జీపుల హారన్లు. పృథ్వీరాజ్ కొబ్బరికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, గుర్రమెక్కినట్టు జీపెక్కి గేరు వేశాడు.

నిమ్మకాయలు నలిగాయి. ఆ వెంటనే టాపు వెళ్ళి బీముకి గుద్దుకుంది.

టైర్లలో గాలి తీయించాడు. ఇంకా వేలెడు అడ్డం. పాత స్ప్రింగులు బిగించమందామంటే ఏసురాజు చర్చిలో ఉన్నాడు, మధ్యాహ్నం దాకా ఫోనెత్తడు. స్నేహితులు కాసేపు నవ్వుకుని, ఎండెక్కిపోతోందంటూ వెళ్ళిపోయారు.

పృథ్వీరాజ్ మెట్టు మీద కూలబడ్డాడు. శైలజ గుమ్మంలో కూచుని కోడికూరకి అల్లం చెక్కుతోంది.

"ఏసురాజు మాటిని రెండే ఏయించుకోవాల్సింది శైలూ," అన్నాడు.

"రెండయితే బయటికెల్లిపోతాది బావా, నేను కొల్సాను."