చుట్టాలొచ్చే పూట

బిందెలక్క నిండిన బిందెను పక్కకు జరిపి, ఖాళీది పంపు కింద పెట్టింది. పక్కింటామె గోడ మీంచి తొంగిచూసింది.

"ఏం వదినా, చుట్టాలా?"

"ఊఁ."

పక్కింటామె పరుగున వెళ్లి గంగాళం తెచ్చుకుంది. చూస్తుండగానే వీధి పొడుగునా బిందెలు మోగాయి.

బిందెలక్క భర్త కాగితం మిల్లులో వాల్వు తిప్పుతాడు. మిల్లు మురికి ఏట్లోకి వదిలే ముందు ఇంటికి ఫోన్ చేసి, 'చుట్టాలొస్తున్నారు' అంటాడు. ఆ తర్వాత పంపులో టీ రంగు నీళ్లు నురగతో దిగుతాయి. ఫోన్ సంగతి మిల్లువాళ్ల చెవిన పడితే ఉద్యోగం ఊడుతుంది. అందుకే ఆమె నోరు విప్పదు. బిందె ఎత్తుతుంది, అంతే. ఆమె ఎత్తితే వీధంతా ఎత్తుతుంది.

సాయంత్రం భర్త తలొంచుకుని వచ్చాడు. వెనకే మిల్లు మేనేజరు. ఆమె చీర చెంగు పరిచి బిందెలకు అడ్డంగా నిలబడింది.

"దాచకమ్మా. ఇవాళ ఫోన్ చేస్తుంటే మీ ఆయన వెనకే ఉన్నాను."

"ఆయన తప్పేం లేదు సార్! నేనే పోరు పెట్టాను. ఉద్యోగం మాత్రం తియ్యకండి, మీకు దణ్ణం పెడతా."

"తియ్యడమా!" మేనేజరు నవ్వాడు. "జీతం పెంచుతున్నాం. ఇదివరకు మురికి వదిలిన ప్రతిసారీ మా గేటు ముందు జనమే జనం. ఆ గోల పడలేక మురికిని శుభ్రం చేసే యంత్రం కొందామనుకున్నాం. కొన్నా, దాన్ని నడిపే ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఇప్పుడేమో నెలల తరబడి ఒక్క నోరూ లేవలేదు. అడిగేవాడు లేనిదానికి అంత ఎందుకు తగలెయ్యాలని ఇవాళే వద్దనుకున్నాం. అంతా నీ బిందెల పుణ్యం. ఇలాగే కానివ్వు."

అతను వెళ్లగానే భర్త నడుము నిటారైంది.

"విన్నావా? కొంప మునిగిందనుకున్నా, పంట పండింది!"

ఆమె ఒక నిండు బిందెను వాకిట్లోకి ఈడ్చుకెళ్లి కాలవలో గుమ్మరించింది.

"పిచ్చెక్కిందా? పంపులో చుట్టాలు దిగిపోయారు, మళ్లీ పట్టడానికి మంచినీళ్లు లేవు!"

ఆమె ఖాళీ బిందె చంకనెత్తుకుని, వాకిలి దాటి మిల్లు వైపు నడిచింది.

పక్కింటి వాకిట్లో గంగాళం గుమ్మరించిన చప్పుడైంది. ఆ పక్కింట్లోనూ.