ఎర్ర క్రిస్మస్ చెట్లు

"ఇదేం రంగు తల్లీ!"

వంటింటి గుమ్మంలో నిలబడి అత్తగారు అరిచిన అరుపుకి కొత్త కోడలి చేతిలో ఐసింగ్ కోను ఠక్కున ఆగింది.

బల్ల మీద పళ్లెం నిండా క్రిస్మస్ చెట్ల కుకీలు. ముదురు ఆకుపచ్చ చెట్టు, అంచుకి లేత ఆకుపచ్చ, కొమ్మల మీద చక్కెర పొడి. కేకుల షాపులో ఏళ్ల తరబడి అదే పని చేసిన చెయ్యి మరి. అత్తారింట్లో మొదటి క్రిస్మస్, ఎలాగైనా శభాష్ అనిపించుకోవాలని అందరికన్నా ముందే లేచి కూర్చుంది, పిచ్చిది.

"చెట్లు కదత్తయ్యా, ఆకుపచ్చ..."

"మనింట్లో చెట్లు ఎర్రగా ఉంటాయి. క్రిస్మస్ తాత టోపీలు ఆకుపచ్చ. గీకెయ్, గీకెయ్! మీ మామయ్య స్నానం ముగించి వచ్చేస్తారు!"

కోడలికి ఏడుపొక్కటే తక్కువ. అయినా కత్తి అందుకుని గీకడం మొదలుపెట్టింది. పాలవాడి దగ్గర్నుంచి పాస్టరుగారి దాకా ఆవిడ చేత అక్షింతలు వేయించుకోని మనిషి ఆ వీధిలో లేడు. ఒక్క మామగారిని తప్ప అందరినీ కడిగేస్తుందని మొగుడు పెళ్లికి ముందే హెచ్చరించాడు.

గీకుతున్న కోడలి కళ్లల్లో నీళ్లు చూసి అత్తగారు కాస్త మెత్తబడింది. తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించింది.

"మీ మామయ్యకి ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలీదే. రెండూ ఆయన కంటికి ఒకటే."

"అయ్యో!"

"పెళ్లయ్యాక మొదటి క్రిస్మస్. పుట్టింటి నుంచి నేనొచ్చేసరికి, పాపం, ఒక్కరే కూర్చుని కుకీలు చేసి పెట్టారు. చూద్దును కదా, చెట్లన్నీ ఎరుపు, టోపీలన్నీ ఆకుపచ్చ! నా కడుపు తరుక్కుపోయింది. ఏమన్నా అంటే చిన్నబుచ్చుకుంటారని, ఆయన చెయ్యి పట్టుకుని 'ఎంత బాగున్నాయండీ' అన్నాను. ఇప్పటిదాకా ఆయనకి తెలీనివ్వలేదు."

"ఆయనకి రెండూ ఒకటే అయితే, మనం ఏ రంగు పూస్తే ఏముందత్తయ్యా?"

"చూసేవాళ్లకి కళ్లున్నాయిగా! ఆయనవి ఎర్రగా, మనవి ఆకుపచ్చగా ఉంటే, ఇదేంటండీ అని ఎవరో ఒకరు ఆయన మొహం మీదే అడిగేస్తారు. అన్నీ ఎర్రగా ఉంటే ఆనవాయితీ అనుకుని ఊరుకుంటారు. నా పిల్లలకి అక్షరాల కన్నా ముందు ఇదే నేర్పాను. నీ నోట మాట జారిందో, చూసుకో మరి!"

కోడలు గబగబా తల ఊపింది. అంత నోరున్న మనిషి మొగుడి కోసం ఇన్నేళ్లూ ఒక్క మాట కడుపులో దాచుకుందా! ఆ క్షణం నుంచి అత్తగారంటే ఆమెకి భయం పోయి ప్రేమ పుట్టింది. దాంతోపాటే కొత్త భయం పట్టుకుంది. ఈ గుట్టు తన చేతుల్లో బద్దలైతే ఈ ఇంట్లో మళ్లీ తలెత్తుకోగలదా?

అంతలో మామగారు రానే వచ్చారు. వాచీల రిపేరు షాపులో జీవితమంతా గడిపిన మనిషి. కళ్లజోడు సర్దుకుని కూర్చుని, ఎర్ర కోను అందుకుని, వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు.

"ఇది ఆకుపచ్చేనా?"

"ఆకుపచ్చేనండీ, కానివ్వండి," అంది అత్తగారు. వెన్న కూడా అంత మెత్తగా ఉండదు.

చెట్లన్నీ ఎర్రబారాయి. టోపీల వంతు వచ్చింది.

"అమ్మాయ్, ఆ ఎరుపు ఇలా ఇయ్యి."

కోడలికి చెమటలు పట్టాయి. ఆయన అడిగే ఎరుపంటే ఏ రంగు? అత్తగారు కళ్లతోనే ఆకుపచ్చ కోను వైపు సైగ చేసింది. కోడలు అదే తీసి ఇచ్చింది.

"బంగారుతల్లివి," అన్నారాయన, టోపీకి ఆకుపచ్చ పూస్తూ.

మధ్యాహ్నం ముగ్గురూ డబ్బాలు పట్టుకుని పంచడానికి బయల్దేరారు. వీధి మలుపులో, కొత్తగా దిగిన పక్కింటి టీచరమ్మ ఎదురైంది. ఇచ్చిన డబ్బా అక్కడే మూత తీసింది.

"ఇదేంటండీ బాబాయిగారూ, చెట్లు ఎర్రగా ఉన్నాయి?"

అత్తగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఏ మాటా తోచక ఆవిడ నోరు మూగబోవడం అదే మొదటిసారి. మామగారు కళ్లజోడు తీసి తుడుచుకోసాగారు.

"మా ఇంట్లో ఎప్పుడూ ఎర్రవేనండీ!" కోడలు అందుకుంది. "అందరిలా చేస్తే మా గొప్పేముంది? ఒకటి నోట్లో వేసుకోండి, రంగు సంగతే మర్చిపోతారు."

టీచరమ్మ నవ్వేసి ఒకటి కొరికింది. ఇంకొకటి తీసుకుంది. మరి రంగు మాటే ఎత్తలేదు.

"మా కోడలు," అంది అత్తగారు, వీధంతా వినపడేలా. "కేకుల మీద బొమ్మలు వెయ్యడంలో దీన్ని మించినవాళ్లు లేరు!"

కోడలికి కాళ్లు నేల మీద ఆనలేదు.

సిగ్నల్ దగ్గరికి రాగానే అత్తగారు మామగారి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఎర్ర దీపమండీ, ఆగండి. ఊఁ... ఇప్పుడు పదండి." ఆయన బుద్ధిగా ఆవిడ వెంట నడిచారు. ఆ జంటను వెనక నుంచి చూస్తూ కోడలు తనలో తనే నవ్వుకుంది.

రోడ్డు దాటాక, పాస్టరుగారిల్లు మేడ మీద. "మీకు మెట్లెక్కితే ఆయాసం, ఇక్కడే కూర్చోండి," అని ఇద్దరినీ అరుగు మీద కూర్చోబెట్టి అత్తగారు డబ్బాతో పైకెళ్లింది.

ఆవిడ కనుమరుగయ్యేదాకా మామగారు అటే చూశారు. తర్వాత కోడలి వైపు వంగి, గుసగుసగా అన్నారు.

"నువ్వూ మా ఇంటి మనిషివైపోయావు గనక చెబుతున్నా, పెళ్లయ్యాక మొదటి క్రిస్మస్‌కి మీ అత్తయ్య వస్తోందన్న సంబరంలో రంగు గిన్నెలు తారుమారు చేశానమ్మా, చీవాట్లు తప్పవనుకుంటే వచ్చి చెయ్యి పట్టుకుంది, ఇంక రంగులన్నీ నాకు శుభ్రంగా తెలుసని చెప్పడానికి ఇప్పటిదాకా మనసొప్పలేదు."