హవల్దారు గారి భార్య

మదార్‌బీ సభకు రానంది.

"నువ్వేం గెలిచినావని నీకు శాలువా?" అంది చేపలు తోముతూ. మొగుడి వైపు తిరిగి చూడనైనా లేదు.

మీరా మొహిద్దీన్ అద్దం ముందు నిలబడ్డాడు. పతకాలను ఒక్కొక్కటే చొక్కాకు తగిలించుకుంటున్నాడు. డెబ్బై ఒకటి యుద్ధంలో సిపాయిగా బంగ్లాదేశ్ వెళ్లి వచ్చినవాడు. హవల్దారుగా రిటైరై సొంత ఊరు కోటలోనే ఉంటున్నాడు. ఊళ్లో ఆయనంటే గౌరవం. ఆమె అంటే బెదురు. దేశం కోసం పోరాడిన మనిషిని పట్టుకుని అంతేసి మాటలంటుందేమిటని ఇరుగుపొరుగు చెవులు కొరుక్కుంటారు.

"ఈసారి చెప్తా. చెప్పాల్సిందంతా చెప్తా," అన్నాడాయన.

"ప్రతి విజయ్ దివస్‌కీ ఇదే మాట. మైకు చూస్తే నీ నోరు పడిపోద్ది."

అయినా చేతులు కడుక్కుంది. చీర మార్చుకుని ఆయన వెనకే బయలుదేరింది.

కల్యాణమండపం నిండింది. రొయ్యల వ్యాపారి నరేంద్రబాబు మిలిటరీ రంగు టోపీ పెట్టుకుని వచ్చాడు. యుద్ధాన్ని ఆయన టీవీలో తప్ప చూసింది లేదు. కానీ ఫిరంగులన్నీ తానే పేల్చినట్టు మాట్లాడాడు.

"ఎవడి సాయం లేకుండా, మనం ఒక్కళ్లమే గెలిచినాం," అన్నాడు. చప్పట్లు మోగాయి.

తర్వాత మైకు మీరా మొహిద్దీన్‌కు ఇచ్చారు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"మేం ఒక్కళ్లమే కాదు బాబూ. మాకంటే ముందు అక్కడోళ్లు పోరాడినారు. ముక్తివాహిని అనేవాళ్లు. మాకు దారి తెలీదు. పొగమంచులో పడవ మీద మమ్మల్ని నది దాటించింది ఒక పిల్ల. చేపల బుట్టలో అడుగున తూటాలు పెట్టుకుని మోసింది. మేం గట్టు ఎక్కేలోగా ఆమె అన్నలిద్దరూ..."

నరేంద్రబాబు నవ్వుతూ మైకు అందుకున్నాడు.

"పెద్దాయన గదా, మాట ఎక్కడికో పోతా ఉంది. ఆ జనాన్ని మనం కాపాడినాం. వాళ్లు మనకు చేసిందేంది? ఇప్పుడు పనికని దొంగచాటుగా మన చెరువుల కాడికే వస్తా ఉండారు. విశ్వాసం లేని జాతి."

మళ్లీ చప్పట్లు. మీరా మొహిద్దీన్ తల దించుకుని వేదిక మీద తన కుర్చీలో కూర్చున్నాడు.

ముందు వరసలో మదార్‌బీ ఆయన్నే చూస్తోంది. చెప్పులకు అంటిన పేడను చూసినట్టు చూస్తోంది.

నరేంద్రబాబు వేదిక దిగి ఆమె దగ్గరికి వచ్చాడు.

"అసలైన త్యాగం ఈ అమ్మది. మొగుడు అక్కడ తుపాకీ పట్టుకొనుంటే, ఇక్కడ కోటలో ఆయన కోసం ఎదురుచూసిన మన తెలుగు ఆడబిడ్డ," అంటూ భుజాల మీద శాలువా కప్పాడు.

ఆమె దాన్ని తీసి మడత పెట్టింది. తిరిగి ఆయన చేతుల్లోనే పెట్టింది.

"నువ్వే కప్పుకో నాయనా. చానా సేపు అరిచినావు."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె వేదిక వైపు తిరిగింది.

"ఇంతేనా నీ నోరు?" అని మొగుణ్ణి అడిగింది. జవాబు కోసం ఆగకుండా వాకిలి వైపు నడిచింది.

"ఎంత పొగరు," అంది వెనక వరసలో పొరుగింటి ధనలక్ష్మి. "అంతటాయన్ని పట్టుకుని."

నరేంద్రబాబు మొహం ఎర్రబడింది. "పోనీలెండి. ఇంట్లో కూర్చున్న ఆడవాళ్లకు యుద్ధమంటే ఏం తెలుస్తది?" అంటూ మళ్లీ వేదిక ఎక్కాడు.

మీరా మొహిద్దీన్ లేచాడు. ఆయన చేతిలోంచి మైకు లాక్కున్నాడు. ఈసారి గొంతు సవరించుకోలేదు.

"ఊరు ఏమనుకుంటాదోనని ఇన్నేళ్లూ చెప్పలా. మమ్మల్ని నది దాటించి, ఇద్దరన్నల్నీ పోగొట్టుకున్న ఆ బెంగాలీ పిల్లనే నేను పెళ్లి చేసుకుని కోటకు తెచ్చుకున్నా, అదో, వాకిలి దాటి పోతా ఉంది."