పాచి వైద్యం

కామందు చంద్రరావుగారి ఇంట్లో కాసులపేరు కొట్టెయ్యడానికి మూడు రోజులు పడుతుందనుకున్నాడు వీరాస్వామి. ఆయన్ని చూశాక, ఈ బుర్ర తక్కువ మనిషికి రెండు రోజులే ఎక్కువనిపించింది.

ద్రాక్షారామానికి కోసెడు దూరంలో చంద్రరావుగారి ఊరు. కాలవలు తవ్వించే దొర ఒకడు సీమకి పోతూ పోతూ ఆయనకి పెద్ద గాజుతొట్టి ఇచ్చిపోయాడు. అడుగున ఇసక, ఇసకలో నీటిమొక్కలు, వాటి మధ్య ఎర్రచేపలు. మొదట్లో చూసినవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారట. ఇప్పుడు గాజునిండా పాచి, ఆకులనిండా పాచి. నీళ్ళు తోటకూర ఉడికించినట్టున్నాయి. చేపలున్నాయో చచ్చాయో ఆ భగవంతుడికే తెలియాలి.

పట్టదూ మరి! తొట్టిని తీసుకెళ్ళి తూర్పు వసారాలో ఎర్రటి ఎండలో పెట్టించారు మహానుభావులు. మూడు పూటలా గుప్పిళ్ళతో మెతుకులు పోస్తారు. పాలేరు జాలిపడి నీడకి జరిపితే, వాణ్ణి తిట్టి మళ్ళీ ఎండలోకే లాగించారట. పైగా గంటకోసారి వచ్చి "అయ్యో, పాచి" అని నిట్టూర్పు. ఇలాంటి వాళ్ళకి వందెకరాలు, తనలాంటి తెలివైనవాడికి రాజమండ్రి జైలు. దేవుడికి కళ్ళు లేవనుకున్నాడు వీరాస్వామి.

చేపలు పట్టే ఇంట్లో పుట్టినా, పాచి వైద్యం మాత్రం అతనికి జైల్లోనే వంటబట్టింది. అక్కడి దొర తోటలో రెండేళ్ళు కలువతొట్లు కడిగాడు. విడిచిపెట్టేటప్పుడు ఆ దొర వేలు చూపించి మరీ చెప్పాడు, ఇంకోసారి దొరికితే అండమానేనని. ఆ పేరు వింటే వీరాస్వామికి అన్నం సయించదు. అందుకే ఇదొక్కటే, ఆఖరుది. కాసులపేరు కరిగించి సొంత పడవ కొనుక్కుంటే ఇక జన్మలో ఎవరి సొమ్మూ ముట్టక్కర్లేదు.

జైలు నుంచి వచ్చి నెల తిరక్కుండా చంద్రరావుగారు మనిషిని పంపి మరీ పిలిపించుకున్నారు. ఆ వచ్చినవాడు దారిపొడుగునా అమ్మగారి కాసులపేరు గురించి కథలు కథలుగా చెప్పాడు. తన పనితనం రాజమండ్రి దాటి పాకిందని వీరాస్వామి మీసం దువ్వుకున్నాడు.

"ఏరా, ఈ పాచి వదుల్తుందంటావా?" అని అడిగారాయన.

"ఎందుకొదలదండి బాబూ! ముందు తొట్టిని ఎండలోంచి తియ్యాలండి. మెతుకులు మానెయ్యాలండి. నాలుగు నత్తల్ని వదుల్తానండి, గాజు మీది పాచి అవే గీక్కుతింటాయి. చుట్టూ దుప్పటి కప్పి మూడ్రోజులు వెలుతురు తగలనివ్వకూడదండి. పాచికి వెలుతురే అన్నమండి."

అంతవరకూ అతను చెప్పింది అక్షరాలా నిజం. తర్వాత కాస్త దగ్గి, గొంతు తగ్గించాడు.

"మరండీ... ఇసకలో మేలిమి బంగారం ఉండాలండి. బంగారం తగిల్న నీళ్ళకి పాచి మళ్ళీ పట్టదండి. ఉంగరాలూ అవీ చాలవండి, కాసులపేరంతైనా ఉండాలండి."

తలుపు చాటు నుంచి ఆయన భార్య సంపూర్ణమ్మ గయ్యిమంది. "బానే ఉంది సంబడం! మా అమ్మ పెట్టిన కాసులపేరు చేపలతొట్టిలో వేస్తారా? వీడి వాలకం చూస్తే తెలియట్లేదూ మీకు?"

వీరాస్వామి రెండడుగులు వెనక్కి వేశాడు. చంద్రరావుగారు మాత్రం భార్యనే కసిరారు.

"నువ్వూరుకోవే! పాచి సంగతి నీకేం తెలుసు? వచ్చే వారం కలెక్టరుగారు వస్తున్నారు. ఈ తొట్టి ఇలాగే చూపిస్తే మన పరువు దక్కుతుందా?"

ఆయనే లోపలికి వెళ్ళి ఇనప్పెట్టె తెరిచారు. పట్టుగుడ్డలో చుట్టిన కాసులపేరు ఆయనే తెచ్చారు, ఆయనే చెయ్యి పెట్టి ఇసకలో కప్పెట్టారు. అంతటితో ఆగారా? కరణాన్నీ మునసబునీ పిలిపించి, "మా ఆవిడ కాసులపేరండీ, ఇదిగో ఇందులో ఉంది, వీడు కాపలా" అని చెప్పుకున్నారు. దొంగ చేతికి తాళాలిచ్చి, పైన దండోరా వేయించుకునే వెర్రిబాగులవాణ్ణి వీరాస్వామి పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పోయి దగ్గాడు.

తొట్టి లోపలి గదిలోకి మారింది. దుప్పటి కప్పారు. రెండోరోజు మధ్యాహ్నం చంద్రరావుగారు పనిమనిషిని ద్రాక్షారామం పంపించి, భోంచేసి, "తొట్టి నువ్వే చూసుకోరా" అని మంచమెక్కారు. చిటికెలో గుర్రు. సంపూర్ణమ్మ కూడా నడుం వాల్చింది.

వీరాస్వామి దుప్పటి ఎత్తాడు. నీళ్ళు నిజంగానే తేరుకుంటున్నాయి. నత్తలు గాజు మీద చక్కగా దారులు చేశాయి. పోనీలే, పాపం, వైద్యం మాత్రం దొంగది కాదు అనుకుని, చెయ్యి పెట్టి కాసులపేరు లాగి మొలలో దోపుకుని కాలవగట్టుకి నడిచాడు. రాజమండ్రి పడవలో ఒళ్ళు మరిచి నిద్రపోయాడు.

ఎవరి సొమ్మని అడక్కుండా గుట్టుగా కరిగించే కంసాలి రాజమండ్రిలో వీరబ్రహ్మం ఒక్కడే. వీరాస్వామి అతనికి పాత బేరమే. కాసులపేరు చేతిలో పెట్టగానే వీరబ్రహ్మం గీటురాయి కూడా తియ్యలేదు. ఓసారి తిప్పి చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఇది గిల్టురా! ఇత్తడికి పూత. వేసింది నేనే."

"గిల్టేంటండి?" వీరాస్వామి దాన్ని లాక్కుని తిరగేసి చూశాడు. "నా కళ్ళెదుటే ఇనప్పెట్టెలోంచి తీశారండి! మునసబుగారు కూడా చూశారండి! అయితే... నేను అండమాను పోయేది ఇత్తడి కోసమా అండి?"

"కాదు నాయనా, చంద్రరావుగారి కాపరం నిలబెట్టడం కోసం," అన్నాడు వీరబ్రహ్మం కళ్ళు తుడుచుకుంటూ. "అసలుది ఆర్నెల్ల కిందటే ఆయన నాచేత కరిగింపించి, ఈ ఊళ్ళో తను ఉంచుకున్న రత్నమాణిక్యానికి వడ్డాణం చేయించారు. పెళ్ళాం కనిపెట్టేలోగా ఈ గిల్టుని ఎత్తుకుపోవడానికి జైలుకెళ్ళొచ్చినవాడు ఒకడు కావాలని అడిగితే, నీ పేరు చెప్పింది కూడా నేనే."