పెద్దక్కకు రాదు

సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు బిల్లింగ్ గదిలో పాత సాఫ్ట్‌వేర్‌ను ఆపేశారు. నల్ల తెర, పచ్చ అక్షరాలు పోయాయి. తెల్ల తెర మీద గడులు వచ్చాయి. ఎవరూ కీబోర్డు మీద చెయ్యి వెయ్యలేదు. అందరూ కిటికీ పక్క బల్ల వైపు చూశారు.

ఆ బల్ల పెద్దక్కది. పంపుల విడిభాగాలు అమ్మే ఆ కంపెనీలో బిల్లింగ్ పెట్టినప్పటి నుంచి ఆవిడ అక్కడే పనిచేస్తోంది. యజమాని కూడా పెద్దక్క అనే పిలుస్తాడు. ఆ గదిలో ఆవిడ ఏం చేస్తే మిగతావాళ్లు అదే చేస్తారు.

పెద్దక్క మౌస్‌ను పైకెత్తి, తిరగేసి చూసి, మళ్లీ బల్ల మీద పెట్టింది.

"నాకు రాదు. నేను ముట్టుకోను."

"అక్కకే రాకపోతే ఇంక మనకేం వస్తుంది?" అన్నాడు ఎదుటి బల్ల గుమాస్తా. అతన్ని అందరూ కళ్లజోడు అంటారు. చేతులు కట్టుకుని కుర్చీలో వెనక్కి వాలాడు.

"పాతదే పెట్టించండి మేడమ్. దానికేం రోగం?" అంది సన్నాయి. గొంతును బట్టి వచ్చిన పేరు అది.

మేడమ్ అంటే ప్రాజెక్టు మేనేజర్. తలుపు దగ్గర నిలబడి ఉంది. ఈ మార్పు కోసమే ఆమెను ఉద్యోగంలోకి తీసుకున్నారు. ఆమె కంటే ముందు ఇద్దరు ఇదే గదిలో ఇదే పని మొదలుపెట్టి, మధ్యలో వదిలేసి వెళ్లారు. ఆమె పెట్టిన శిక్షణ తరగతికి మొదటి రోజు అందరూ వచ్చి వెనక వరుసలో కూర్చున్నారు. రెండో రోజు ఒక్కరూ రాలేదు. ఇవాళ పొద్దున యజమాని ఆమెను పిలిచి చెప్పాడు. "సాయంత్రం పైకొస్తాను. కొత్తదాంట్లో బిల్లులు వస్తుంటే సరే. లేదంటే పాతదే నడుస్తుంది. మీరు వేరే ఉద్యోగం చూసుకోండి."

కింద లారీ హారన్ మోగింది. కాసేపటికి డ్రైవరు మెట్లెక్కి వచ్చి తలుపులోంచి తొంగి చూశాడు.

"బిల్లిస్తే బయల్దేరతాను."

"బిల్లూ లేదు, గిల్లూ లేదు," అంది పెద్దక్క. "ఆ అమ్మాయినడుగు. ఉన్నదాన్ని ఆపేసి కూర్చుంది."

మేనేజర్ ముందుకొచ్చింది. "నేను చూపిస్తాను పెద్దక్కా. ముందు సరుకు కొన్న పార్టీ పేరు..."

"నువ్వు చెబితే నా బుర్రకెక్కదమ్మా. నువ్వక్కడే ఉండు." పెద్దక్క కళ్లజోడు వైపు తిరిగింది. "ఏరా, నువ్వూ వెళ్లావుగా క్లాసుకి? నిద్రపోయొచ్చావా?"

"నేనెందుకు నిద్రపోతాను? పార్టీ పేరు పై గడిలో కొట్టాలి. అంతే."

"ఏ పై గడి? అన్నీ పైనే ఏడ్చాయి."

కళ్లజోడు లేచి వచ్చి పేరు కొట్టాడు. గడి చుట్టూ ఎర్ర గీత వచ్చింది.

"అదిగో, పాడుచేశాడు."

"పాడవలేదక్కా. ముందు ఊరు ఎంచుకోవాలి." సన్నాయి వచ్చి అతన్ని పక్కకు నెట్టింది. "జరుగు. ఆ రోజు మేడమ్ ఇలాగే చూపించింది."

"ఆ రోజు నువ్వు ఫోన్ చూసుకుంటున్నావ్."

"చూసుకుంటూనే విన్నాను. నీలాగా ఒక్క పనేనా?"

ఇద్దరూ కలిసి సరుకు వివరాలు ఎక్కించారు. ప్రింటరు కదిలింది. డ్రైవరు బిల్లు తీసుకుని దిగిపోయాడు.

"ఏదో గాలివాటంగా వచ్చింది," అంది పెద్దక్క. "ఇంకోటి తియ్యండి, చూస్తాను."

ఇంకోటి తీశారు. తప్పు కొడితే వెనక్కెలా రావాలని అడిగింది. చూపించారు. మరిచిపోయానంది. మళ్లీ చూపించారు. పాత పార్టీకి కొత్త ధర ఎలా వెయ్యాలంది. అది చెప్పడానికి సన్నాయి తన బల్ల దగ్గరికి వెళ్లి, ముందు తాను వేసి చూసుకుని వచ్చింది.

"అక్కా, ఇప్పటికి నాలుగుసార్లు చెప్పాను," అన్నాడు కళ్లజోడు.

"ఓపిక లేనివాడివి నేర్పడానికి ఎగబడ్డావెందుకు?"

గదిలో అందరూ నవ్వారు. కళ్లజోడు అయిదోసారి చెప్పాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్దక్క, "సరుకు తిరిగొస్తే?" అంది.

అది ఎవరూ వెళ్లని రెండో రోజు పాఠం. మేనేజర్ ఏదో చెప్పబోయింది. పెద్దక్క అటు చూసేసరికి ఆగిపోయింది.

"చూశారా! పాతదాంట్లో ఒక్క మీట నొక్కితే అయిపోయేది," అంది పెద్దక్క. "మూసెయ్యండి. ఇది మనవల్ల కాదు."

"ఎందుకు కాదూ?" అన్నాడు కళ్లజోడు. టీ వచ్చినా లేవలేదు. గడులన్నీ తెరిచి, మూసి, తిట్టుకుంటూ వెతికాడు. టీ చల్లారాక "దొరికింది!" అని అరిచాడు. నలుగురు అతని కుర్చీ చుట్టూ చేరారు. కళ్లజోడు వాళ్లకు రెండుసార్లు చేసి చూపించాడు, ఎవరూ అడక్కుండానే.

సాయంత్రం యజమాని పైకొచ్చాడు. ప్రింటరు ఆగకుండా నడుస్తోంది. బల్లల మధ్య నుంచి నడుచుకుంటూ కిటికీ దాకా వెళ్లాడు.

"నీకు వచ్చిందా పెద్దక్కా?"

"ఎక్కడ బాబూ! వీళ్లు చెబుతూనే ఉన్నారు, నేను మరిచిపోతూనే ఉన్నాను."

"మేం చూసుకుంటాం సార్," అన్నాడు కళ్లజోడు. "అక్కకు రేపు మొదట్నుంచి మళ్లీ చెబుతాను."

యజమాని మేనేజర్ వైపు తిరిగాడు. "ఇక పాతది తీసేయించండి. వచ్చే నెల నుంచి గోదాము పని కూడా మీదే."

అందరూ వెళ్లిపోయాక మెట్ల దగ్గర మేనేజర్ పెద్దక్క చేతిసంచీ అందుకుంది. ఇద్దరూ కలిసి దిగారు.

"థాంక్స్ పెద్దక్కా."

"బాగుంది. రాదన్నందుకు కూడా థాంక్సేనా?"

ఆఫీసులో పెట్టకముందు ఆ కొత్త సాఫ్ట్‌వేర్‌ను మూడు నెలలు ఇంట్లో వాడి చూసి, మేనేజర్‌తో తప్పులు దిద్దించింది పెద్దక్కే.