మూడు గంటల కరెంటు

చప్పుడు లేకుండా నడిచే కారు చప్పుడు లేకుండానే ఆగిపోయింది.

గిరి కిందికి దిగి అటూ ఇటూ చూశాడు.

లక్షణంగా ఉన్న డీజిలు కారు అమ్మేసి, తనకల్లు ట్యాక్సీ స్టాండులో మొట్టమొదట కరెంటు కారు కొన్న మొనగాడు అతనే. తోటి డ్రైవర్లు ఆరోజు నుంచీ ఆటపట్టిస్తూనే ఉన్నారు. ఈ పూట నవ్వులపాలైతే ఇక ఆ బండి ఎక్కే నాథుడుండడు.

వెనక సీట్లో జయంతి సర్టిఫికెట్ల ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. రాక రాక వచ్చిన టీచరు ఉద్యోగం. మధ్యాహ్నం రెండు లోపల అనంతపురంలో కాగితాలు చూపించకపోతే అది ఇంకొకరికి పోతుంది.

ముదిగుబ్బ దగ్గర రాస్తారోకో. బస్సులు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. గిరి తెలివిగా అడ్డదారి పట్టి పల్లెలన్నీ చుట్టాడు. చార్జింగు కాస్తా అయిపోయింది.

"ఇప్పుడెట్లన్నా?" జయంతి అడిగింది.

రోడ్డు పక్క చేనులో బోరు మోటారు స్టార్టరు పెట్టె తెరుచుకుని ఒకాయన నిలబడి ఉన్నాడు. గిరి పరుగెత్తాడు.

"అన్నా, ఈడ కరెంటు ఉండాదా?"

"ఇప్పుడే వచ్చింది. పదకొండుకు పోతాది. లైను రిపేరంట, దినానికి మూడు గంటలే ఇస్తాండారు."

"ఆ మూడు గంటలూ నా కారుకు ఇస్తావా? ఈ పాప ఉద్యోగం పోతాదన్నా."

ఆయన జయంతిని చూశాడు. చేను వైపు చూశాడు.

"వైరు తెచ్చుకోప్పా," అన్నాడు.

చేనులో టమోటా నారు వాడిపోయి ఉంది. బోరు ఎండిపోయినట్టుందిలే, అనుకున్నాడు గిరి. ఆ జిల్లాలో ఎండిన బోర్లకు కొదవా?

"నీళ్లు రావా అన్నా దీంట్లో?"

"దాని సంగతి వదిలెయ్. పొగ రాదా నీ కారుకు?"

"రాదు."

"గలాటా కూడా లేదు. బాగుండాదప్పా. ఇట్లాంటివే రావల్ల."

మూడు గంటలూ ఆయన వైరు పక్కనే గొంతుక్కూర్చున్నాడు, మేకలు తొక్కకుండా. పనీ పాటా లేనివాడిలా ఉన్నాడు, పోనీలే మనకు కలిసొచ్చింది, అనుకున్నాడు గిరి.

"నీ పేరేమన్నా?" జయంతి అడిగింది.

"మద్దిలేటి. నువ్వు పోమ్మా, టైమవుతాది."

ఆ హడావిడిలో గిరి పోయొస్తానని సరిగ్గా చెప్పి కూడా రాలేదు.

ఒంటిగంటకల్లా జయంతి ఆఫీసు మెట్లెక్కింది. ఉద్యోగం వచ్చింది. ఆ మాట తనకల్లంతా పాకింది. నవ్వినవాళ్లే గిరి కారు ఎక్కారు. ఏడాది తిరక్కుండా స్టాండులో ఇంకో నలుగురు డీజిలు బండ్లు వదిలించుకున్నారు. ఎండిన బోరు దగ్గర ఖాళీగా దొరికిన మనిషి కథ గిరి ఎక్కిన వాళ్లందరికీ చెప్పి నవ్వించేవాడు.

ఒకసారి అటువైపు బాడుగ పడింది. వచ్చేటప్పుడు మిఠాయి పొట్లం కట్టించుకుని ఆ చేను దగ్గర ఆగాడు.

చేను బీడుపడి ఉంది. స్టార్టరు దగ్గర ఒక పెద్దామె ఉంది. పేరు బయమ్మ.

"మద్దిలేటన్న యాడుండాడమ్మా?"

ఆమె కారును చూసింది. "నువ్వేనా ఆ కరెంటు కారాయన? ఆయన బెంగళూరికి కూలికి పోయినాడప్పా. నారంతా ఎండిపాయ, ఈడుండి ఏం తింటాడు?"

"అవునులే, బోరు అప్పటికే ఎండిపోయింటే..."

బయమ్మ స్టార్టరు నొక్కింది. పైపులోంచి నీళ్లు దబదబా దూకాయి.



"మా ఏడిండ్లకూ ఇదొకటే బోరు. వారానికి ఒక దినమే ఎవరి వంతైనా. ఆ పొద్దు ఆయన వంతు. నారు నాటింది ముందు దినమే. మోటారూ కారూ ఒకే తూరి ఆడవు గదా. మా చేన్లూ ఎండిపోతాండె, మేమూ నీళ్లు ఇయ్యలేకపోతిమి."

"నాతో ఒక్క మాట చెప్పింటే..." గిరి కళ్లు తుడుచుకున్నాడు.

బయమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఆ కారాయన ఎప్పుడన్నా వస్తే బోరు ఎండిపోయిందనే చెప్పమని పోయినాడప్పా, నాకే అబద్ధం చెప్పేకి నోరు రాలేదు."